థింసా వరుసలో మన పిల్లలు

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 15:19–21, 32:15–20, మార్కు 6:17–29, 1 కొరింథీయులకు 10:14–33.



ఈ మాసపు పాఠమునకు మన కొండ సంఘములలో పదే పదే వినబడుచున్న ఒక ప్రశ్నను తీసికొనుచున్నాము. ఆశ్రమ ఉన్నత పాఠశాలలోనో గురుకులములోనో చదువుచున్న మన ఆడపిల్లలను పాఠశాల వార్షికోత్సవమునకు గాని, ఆగస్టు 9వ తేదీన జరుగు ఆదివాసీ దినోత్సవమునకు గాని, జనవరి 26వ తేదీని జెండా పండుగకు గాని థింసా ఆడుటకు ఉపాధ్యాయులు ఎన్నుకొందురు. క్రైస్తవ గృహమునుండి వచ్చిన పిల్ల ఆ వరుసలో నిలువవచ్చునా, నిలువరాదా?

పట్టణములో నున్నవారికి ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చును. అరకులోయలోను, అనంతగిరి, డుంబ్రిగుడ ప్రక్కల గ్రామములలోను ఇది చిన్నది కాదు. పిల్ల ఆడనన్నయెడల తోటి పిల్లలు, కొన్నిచోట్ల పెద్దలు కూడ, "నీవు మన కులమును విడిచిపెట్టితివి" అందురు. ఆడినయెడల ఆదివారము సంఘములో ఒక పెద్ద లేచి, "ఈమె తల్లి విడిచిన దానిని ఈమె మరల పట్టుకొన్నది" అనును. తొమ్మిదవ తరగతి చదువు పిల్ల ఈ రెండు మాటల నడుమ నలుగుచున్నది. అందరియెదుట అట్లు మందలింపబడి ఆరాధనకు వచ్చుట మానుకొనిన పిల్లలు మన సంఘములలో కలరు. వారిని పోగొట్టుకొనుటకు మనకు వాక్యాధారము ఉన్నదో లేదో చూచుకొనక ఊరకుండుట మంచిది కాదు.

మొదట థింసా యెట్టిదో చూతము. మైదానమునుండి ఈ పత్రికను చదువువారికి అది తెలియకపోవచ్చును. స్త్రీలు ఒకరి ప్రక్కన ఒకరు వరుసగా నిలిచి, చేతులను ప్రక్కవారి వీపుల వెనుకనుండి చాపి ఒకరినొకరు గట్టిగా పట్టుకొందురు. వరుస మొదట నున్న ఆమె అడుగు వేయును. ఆమె అడుగును బట్టి తక్కినవారందరు అడుగు వేయుదురు. వరుస పామువలె మెలికలు తిరిగి, వలయమై, మరల విడివడును. అందెలన్నియు ఒక్కసారి మ్రోగును. పురుషులు డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు వాయించుదురు. బగతలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జలు, ఖోండులు మొదలగు అనేక తెగలవారు దీనిని చైత్రమాసపు పండుగలోను పెండ్లిండ్లలోను ఆడుచు వచ్చిరి. ఒక ఊరివారు పొరుగూరికి పోయి అక్కడివారితో కలిసి ఆడి, కలిసి భోజనము చేయుటయు కలదు. దీనిని సంకిడి కేల్‌బార్ అందురు. రెండు ఊళ్ల నడుమ స్నేహము నిలుచుటకు ఇది యొక మార్గము.

ఇక్కడ మన పెద్దలు చాలమంది గమనింపని సంగతి యొకటి యున్నది. థింసా అనునది ఒక్కటి కాదు. బోడ థింసా గ్రామదేవతను కొలుచుచు ఆడునది. నెమలి యీకల కట్టను చేతపట్టి ఒకడు ముందు నడచును. బాయ థింసా దేవత పూనినదని చెప్పబడు మంత్రగాని ఆట. నాటికారి థింసా దీపావళి పండుగకు ఆడుదురు. ఈ మూడింటిని ప్రక్కకు పెట్టి తక్కినవి చూడుడి. పొతర్ తోల థింసా అడవిలో ఆకులు ఏరుటను చూపును. బాగ్ థింసా పులి బారినుండి తప్పించుకొనుటను చూపును. గొడ్డి బేట థింసాలో ముందుకు వంగి, ఊగుచు లేచి, ఇరువదియైదు అడుగులు ముందుకు పోయి, అదేవిధముగ వెనుకకు వత్తురు. కుండ థింసాలో భుజములతో ఒకరినొకరు నెట్టుదురు. గుండేరి థింసాలో, దీనినే ఉస్కు థింసా అనియు అందురు, పురుషుడొకడు పాట పాడి స్త్రీలను ఆటకు పిలుచును. ఆకులు ఏరుటలో విగ్రహారాధన యెక్కడ నున్నది? పులిని చూచి పారిపోవుటలో ఏ దేవతకు మ్రొక్కితిమి? ఈ భేదమును పాఠశాలలోని పిల్లలకంటె, కొన్ని సమయములలో వారి ఉపాధ్యాయులకంటె, మన యిండ్లలోని అమ్మమ్మలే బాగుగ ఎరుగుదురు. కాని వారిని అడిగినవారు అరుదు.

ఇప్పుడు గ్రంథమును తెరచుదము.

ఎఱ్ఱసముద్రము దాటిన తరువాత అహరోను సహోదరియగు మిర్యాము తంబురను చేతపట్టుకొనెను. స్త్రీలందరు తంబురలతోను నాట్యముతోను ఆమె వెంబడి వెళ్లిరి. ఆమె ప్రవక్త్రి అని ఆ వచనములోనే వ్రాయబడియున్నది. ఈ దృశ్యమును కొండలవారు మైదానపువారికంటె త్వరగా గ్రహింతురు. ముందు ఒక స్త్రీ, ఆమె వెనుక ఒక వరుస, చేతిలో వాద్యము. మోషే వారిని ఆపలేదు.

కొద్ది నెలలు గడచెను. అదే జనము సీనాయి కొండ క్రింద దిగియున్నది. మోషే పలకలను చేతపట్టుకొని దిగివచ్చుచు దూడను, నాట్యమును చూచెను. చూచి పలకలను పగులగొట్టెను. హెబ్రీ గ్రంథములో 15వ అధ్యాయమునందలి నాట్యమునకును 32వ అధ్యాయమునందలి నాట్యమునకును వాడబడిన మాట ఒక్కటే. జనము ఒక్కటే, కాళ్లు అవే. తంబురలు కూడ అవే అయియుండవచ్చును. మారినది ఎదుట నున్నది. మొదట వారి యెదుట విడిపించిన దేవుడు చేసిన కార్యము ఉండెను; తరువాత వారు తమ చెవిపోగులతో చేసికొనిన దూడ ఉండెను. కాబట్టి "నాట్యము పాపమా?" అని అడిగినవారికి గ్రంథము సూటిగా అవుననదు, కాదనదు. ఎవరి యెదుట ఆడితివి అని అడుగును.

మరికొన్ని చోట్లను త్వరగా చూతము. దావీదు ఫిలిష్తీయుని చంపి వచ్చినప్పుడు స్త్రీలు ఊళ్లలోనుండి నాట్యముతో ఎదురు వచ్చిరి (1 సమూయేలు 18:6). ఆ నాట్యములో తప్పు లేదు, ఆ పాటలోని లెక్క మాత్రము సౌలు హృదయములో అసూయను పుట్టించెను. యెఫ్తా కుమార్తె తండ్రికి ఎదురుగా నాట్యముతో వచ్చెను. తప్పు ఆమెది కాదు, తండ్రి మ్రొక్కుబడిది (న్యాయాధిపతులు 11:34). షిలోహు ఆడపిల్లలు ఏటేట జరుగు పండుగలో నాట్యమాడుటకు బయలుదేరగా బెన్యామీనీయులు ద్రాక్షతోటలలో పొంచియుండి వారిని ఎత్తుకొనిపోయిరి (న్యాయాధిపతులు 21). ఈ చివరి మాటను ఆడపిల్లలు గల తలిదండ్రులు మరువరాదు. దీనియొద్దకు మరల వచ్చెదము. 149వ, 150వ కీర్తనలలో నాట్యముతో దేవుని స్తుతింపుమను పిలుపు స్పష్టముగా నున్నది. యిర్మీయా 31వ అధ్యాయములో చెరనుండి తిరిగివచ్చు జనమునకు వాగ్దానము చేయబడిన వాటిలో కన్యకల నాట్యము ఒకటి. మన ప్రభువు చెప్పిన ఉపమానములో తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చిన యింట వాద్యములును నాట్యమును ఉండెను. ఆ ధ్వని విని లోనికి రానొల్లక బయట నిలిచినవాడు పెద్ద కుమారుడు.

ఇన్ని ఉండగా మన సంఘములలో అందరికి ముందు జ్ఞాపకము వచ్చునది మాత్రము హేరోదు విందు. నాట్యమును గూర్చి ప్రసంగించువారు దానినే తీయుదురు. దానిని మనము కూడ నిదానముగ చదువుదము. అక్కడ ఏమేమి యున్నది? రాజు జన్మదినము. అధిపతులు, సైన్యాధికారులు, గలిలయ ప్రముఖులు బల్లయొద్ద కూర్చుండిరి. విందు త్రాగుడు నడుచుచున్నది. ఒక చిన్నది లోపలికి పంపబడి, ఒంటరిగా, ఆ పెద్ద మనుష్యుల కన్నుల కొరకు ఆడినది. ఆమె తల్లియే దానిని తన పగ తీర్చుకొనుటకు వాడుకొనినది. రాజు ఒట్టు పెట్టుకొనెను; అతిథులు నవ్వుదురేమో అను భయమున యోహాను తల తీయించెను. అచ్చట పాపము ఆ పిల్ల పాదములలో ఎంత, బల్లచుట్టు కూర్చున్నవారిలో ఎంత? ఎక్కువ భాగము పెద్దలదే అని మా అభిప్రాయము. ఆ పిల్లను అక్కడికి పంపినవారు పెద్దలు, చూచినవారు పెద్దలు, చంపించినవారు పెద్దలు.

కాబట్టి హేరోదు విందు మన కాలములో ఎక్కడ జరుగుచున్నదో వెదకవలెను. అరకులోయకు ప్రతి చలికాలమున వేలకొలది యాత్రికులు వత్తురు. వారి విడిదిళ్ల యొద్ద రాత్రివేళ మంట వేసి థింసా ఆడింతురు. కొందరు మర్యాదగా చూచి, మెచ్చి, పోవుదురు. మరికొందరు త్రాగి వచ్చి వరుసలో తామును చొరబడి, పిల్లల భుజములమీద చేతులు వేసి, చేతిలోని ఫోనులతో చిత్రములు తీసి ఎవరెవరికో పంపుదురు. బడిలో చదువుకొను పిల్లను రాత్రివేళ అట్టి చోటికి పంపుటయు, మధ్యాహ్నము తలిదండ్రుల యెదుట పాఠశాల ఆవరణములో ఆడనిచ్చుటయు ఒక్కటి కాదు. షిలోహు ద్రాక్షతోటలు ఇప్పుడును కలవు. డబ్బు ఇత్తురని చెప్పి ఆడపిల్లను అట్టి రాత్రి ఆటకు పంపరాదని ఖండితముగ చెప్పుచున్నాము. పెండ్లిండ్లలో జీలుగు కల్లు పారుచుండగా తెల్లవారువరకు నడుచు ఆటలకును ఇదే మాట.

ఇక అపొస్తలుని పాఠము. కొరింథు పట్టణములో నున్న విశ్వాసులది మన స్థితివంటి స్థితి. వారి బంధువులు, ఇరుగుపొరుగు వారు విగ్రహములను కొలుచువారు. ఊరిలోని మాంసము విగ్రహముల గుడులమీదుగా అంగడికి వచ్చుచుండెను. మాంసము తినుటయే మానవలెనా? పౌలు ఒక్క మాటతో తేల్చివేయలేదు. మూడు చోట్లను మూడు విధములుగా చెప్పెను.

విగ్రహపు బల్లయొద్ద కూర్చుండి తినుట కూడదనెను. ప్రభువు పాత్రలోనిది త్రాగి దయ్యముల పాత్రలోనిది త్రాగలేరు (10:21). అంగడిలో అమ్మబడు మాంసమైతే ఏ విచారణయు చేయక తినుడనెను, ఏలయనగా భూమియు దానిలోని సమస్తమును ప్రభువువే (10:25, 26). అవిశ్వాసి యింటికి విందుకు పిలువబడితే వడ్డించినది తినుడనెను. అయితే అక్కడ ఎవడైనను ఇది బలి అర్పింపబడినదని చెప్పినయెడల, చెప్పినవాని నిమిత్తము తినవద్దనెను (10:27–29).

దీనిని థింసాకు పెట్టి చూడుడి. చైత్రపు పండుగలో గ్రామదేవత గద్దె యెదుట ఆడు బోడ థింసా మొదటి చోటు. అది ఆట కాదు, ఆరాధన. ఆడువారే అట్లు చెప్పుదురు. కొండలలోని మన క్రైస్తవులు దానిలో చేరుట విగ్రహపు బల్లయొద్ద కూర్చుండుటయే. దీనిలో మాకు సందేహము లేదు. మంత్రగాని బాయ థింసా అంతకంటెను స్పష్టము. దానిని వేదికమీద వేడుకకు చూపించినను మన పిల్లలు అందులో పాత్ర వహింపరాదు. పూనకము వచ్చినట్లు నటించుట నమ్మినవారికిని హేళనయే, నమ్మనివారికిని మంచిది కాదు.

పాఠశాల ఆవరణములో ఆకులేరు అడుగులు, పులి అడుగులు, ముందుకు వెనుకకు వంగి లేచు అడుగులు నేర్పి ఆడించుట అంగడిలోని మాంసమువంటిది. అది గద్దెయొద్దనుండి ఏనాడో బయటికి వచ్చినది, లేక ఎన్నడును గద్దెయొద్దకు పోలేదు. అందులో విచారణ చేసి పిల్ల మనస్సాక్షిమీద బరువు పెట్టనక్కరలేదు.

మూడవ చోటు కష్టమైనది, వివేచన కావలసినదియు ఇక్కడనే. ఆట మొదలు పెట్టకముందు డప్పుకు బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టి, ఆడు పిల్లలందరిని దండము పెట్టుమన్నారు అనుకొనుడి. లేక ఇది ఫలానా అమ్మవారి ఆట అని ప్రకటించిరి. అప్పుడు మన పిల్ల, చెప్పినవాని నిమిత్తము, ఆ దండము పెట్టక మర్యాదగా ప్రక్కన నిలువవలెను. దండము ముగిసిన పిమ్మట కేవలము ఆట ఆడవచ్చునా అని కొందరు అడుగుదురు. చూచువారిలో ఊరివారు దానిని ఆరాధనగా ఎంచుచున్నయెడల ఆడకుండుటయే మంచిదని మేము తలంచుచున్నాము. ఈ విషయములో వేరుగా తలంచు సహోదరులను మేము తప్పుపట్టము. రోమా 14వ అధ్యాయము ఇట్టి వాటికొరకే వ్రాయబడినది.

పాట మాటలను గూర్చి ఒక హెచ్చరిక. థింసా పాటలలో అనేకములు ఆదివాసీ ఒరియాలో నుండును. మైదానమునుండి వచ్చిన ఉపాధ్యాయునికి వాటి భావము తెలియకపోవచ్చును. తెలుగు బడిలో చదివిన పిల్లకు సగమే తెలియును. పిల్ల ఇంటికి వచ్చినప్పుడు, "అమ్మమ్మా, ఈ పాటలో ఏమున్నది?" అని అడుగనిండు. పంటను గూర్చినదా, మేనబావను ఎగతాళి చేయునదా, దేవతను పిలుచునదా ఆమె చెప్పగలదు. దేవతను పిలుచు పాటయైతే వేరొక పాట పెట్టుమని ఉపాధ్యాయుని అడుగవచ్చును. అమ్మమ్మ బాప్తిస్మము పొందకముందు వరుస ముందర నడచినదై యుండవచ్చును. ఆమె జ్ఞాపకములన్నియు చీకటి అని మనుమరాలికి చెప్పవద్దు. తల్లిని తండ్రిని సన్మానింపుమను ఆజ్ఞ అమ్మమ్మలకును వర్తించును.

కొందరు పెద్దలు ఇట్లందురు: "మనకు సువార్త తెచ్చినవారు డప్పును కూడ విడువుమన్నారు గదా?" నిజమే, అనేక చోట్ల అట్లు జరిగెను. వారు డప్పును కల్లుతోను బలులతోను కలిసి చూచిరి. కలిసియే ఉండెను కూడ. దానికి వారిని నిందింపము. అయితే వారి తరువాత ఏమి జరిగెనో కూడ తెలిసికొనవలెను. మన దేశపు ఈశాన్య కొండలలో, మిజోల మధ్య, తొలి మిషనరీల కాలమున డోలును ఆరాధనలోనికి రానియ్యలేదు. 20వ శతాబ్దపు తొలి దశకములలో ఉజ్జీవములు వచ్చినప్పుడు మిజో విశ్వాసులు తామే డోలును గుడిలోనికి తెచ్చుకొని, దాని దెబ్బకు పాడుచు ఆడిరి. నేడు మిజో సంఘములో డోలు లేని ఆరాధన అరుదు. మన తెలుగు సంఘములలో కూడ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడి. కీర్తనలకు పైన రాగము, తాళము వ్రాయబడియుండును. ఆ రాగములు, ఆ తాళములు ఈ దేశపువే. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) వాటిని వాడుటకు సంకోచింపలేదు. తాళము చేతికి తగినదైతే కాలికి ఎట్లు తగనిదగును?

మరియొక మాట చెప్పుటకు కొంచెము జంకుచున్నాము, అయినను చెప్పుదుము. థింసాను ఖండించు సంఘములలోనే క్రిస్మసు రాత్రి మన ఆడపిల్లలు సినిమా బాణీలో కట్టిన పాటకు, సినిమాలోని అడుగులతో, వేదికమీద ఆడుచున్నారు. దానికి యాక్షన్ సాంగ్ అని పేరు పెట్టి పెద్దలు చప్పట్లు కొట్టుచున్నారు. పాఠశాల వార్షికోత్సవములలో సినిమా పాటలకు ఆడు ఆటలను గూర్చి మన పెద్దలు ఒక్కరును మాటాడగా మేము వినలేదు. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినయెడల, మోకాలి దిగువ వరకు చీర కట్టి, ఒకరి వీపు వెనుక ఒకరు చేయి పెట్టి, తల వంచి అడుగు వేయు మన కొండ పిల్లలలో ఎక్కువ మర్యాద కనబడును. దోమను వడియగట్టి ఒంటెను మ్రింగుట అనగా ఇదియే గదా.

దూరదేశముల సంగతియు కొంచెము చెప్పుదుము. అమెరికాలో ఉన్నత పాఠశాల ముగించు విద్యార్థులకు ప్రామ్ అను నాట్యపు విందు చేయుదురు. బాలురు బాలికలు జంటలుగా, మంచి దుస్తులు ధరించి పోవుదురు. అక్కడి బాప్తిస్టు మొదలగు అనేక సంఘములు దీనిని చాల కాలము వ్యతిరేకించెను. టెక్సాసులోని బేలర్ అను బాప్తిస్టు విశ్వవిద్యాలయము 1845లో స్థాపింపబడినది. తన ఆవరణములో నాట్యమునకు 1996లో గాని అనుమతి నియ్యలేదు. ఇల్లినాయిసులోని వీటన్ కళాశాల 2003లో మొదటిసారి విద్యార్థుల నాట్యమును జరిపించెను. వారు అనుమతించిరి గనుక మనమును అనుమతింపవలెనని దీనిని చెప్పుట లేదు. వారు భయపడిన సంగతి వేరు, మనది వేరు. అక్కడ భయము జంటలను గూర్చినది. ఇక్కడ భయము దేవతను గూర్చినది. వారి తీర్పును అరువు తెచ్చుకొని మన పిల్లలమీద వేయుట తగదు. మన ప్రశ్నను మనమే వాక్యముతో విచారించుకొనవలెను.

"ఆడనన్నయెడల తెగనుండి పోవుదువు, సర్టిఫికెట్టు పోవును" అని కొందరు పిల్లలను బెదరించుచున్నారు. ఇది సత్యము కాదు. షెడ్యూల్డు తెగలను గూర్చిన 1950వ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తర్వులో మతమును గూర్చిన నిబంధన ఏదియు లేదు. కొండదొర పిల్ల క్రీస్తును నమ్మినను కొండదొర పిల్లయే. నమ్మి ఆడినను, ఆడక మానినను అంతే. పిల్ల భయముచేత ఆడరాదు, భయముచేత మానరాదు.

మనస్సాక్షి ఒప్పని పిల్ల కూడ ఉండును. ఆమె తల్లి పూనకములనుండి విడిపింపబడినదై యుండవచ్చును. డప్పు మ్రోగినప్పుడు ఆ యింటివారికి పాత భయము తిరిగి వచ్చుచుండవచ్చును. ఆమెను బలవంతపెట్టరాదు. మన దేశపు చట్టము కూడ మనస్సాక్షికి కొంత చోటిచ్చినది. రాజ్యాంగపు 28వ అధికరణము ప్రకారము ప్రభుత్వ గుర్తింపు పొందిన పాఠశాలలో మైనరు పిల్లను సంరక్షకుని సమ్మతి లేక మతబోధలో గాని ఆరాధనలో గాని పాల్గొనుమని బలవంతము చేయరాదు. కేరళలో ముగ్గురు పిల్లలు తమ విశ్వాసమునుబట్టి జాతీయ గీతము పాడలేదని పాఠశాలనుండి తీసివేయబడిరి. వారు పాడలేదు గాని, పాడుచున్నంతసేపు మర్యాదగా లేచి నిలిచిరి. 1986లో సుప్రీముకోర్టు వారిని తిరిగి చేర్చుకొనవలెనని తీర్పు చెప్పెను. వారి సిద్ధాంతము మనది కాదు. వారు లేచి నిలుచుట మాత్రము న్యాయాధిపతుల దృష్టికి వచ్చినదని గమనింపుడి. మన పిల్ల కూడ ఆడనని చెప్పునప్పుడు ముఖము చిట్లించి, ఇది దయ్యాల ఆట అని తోటి పిల్లలను అవమానించి చెప్పరాదు. "సారూ, నేను ఆడలేను. దుస్తులు సర్దుటకు, నీళ్లు అందించుటకు ఉందును" అని చెప్పినయెడల వినని ఉపాధ్యాయుడు అరుదు.

ఏది చెప్పినను మొదటనే చెప్పవలెను. థింసా వరుసలో ప్రతి చేయి ప్రక్కవారి వీపుమీద నుండును. పదునైదు దినములు అభ్యాసము చేసి, ఆట రోజు ఉదయమున సంఘపెద్ద మాట విని ఒక పిల్ల తప్పుకొనినయెడల ఆ వరుస తెగును. ఇరుప్రక్కలనున్న పిల్లలు ఏడ్తురు. ఇట్టి దాని వలన సువార్తకు ఏమి మేలు కలుగును? తలిదండ్రులు పేర్లు ఇచ్చు దినముననే ఉపాధ్యాయునితో మాటాడవలెను. ఏ థింసా, ఏ పాట, ఎక్కడ, ఎవరి యెదుట, ఏ వేళ, ఎవరు తీసికొనిపోయి ఎవరు తీసికొనివత్తురు అని అడుగుట తలిదండ్రుల హక్కు. అడిగినంత మాత్రమున ఎవరును కోపగించుకొనరు. ఆదివారము ఉదయమున అభ్యాసము పెట్టినయెడల ఆరాధన తరువాతకు మార్చుమని ముందుగా మనవి చేయవచ్చును. ఒక పిల్ల కొరకు కాక ఐదారుగురు పిల్లల తలిదండ్రులు కలిసి అడిగినయెడల మరియు మంచిది.

సంఘపెద్దలకు మా మనవి ఇది. పిల్లను ఆదివారము సంఘములో నిలువబెట్టి అడుగవద్దు. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చెప్పిన క్రమము ఒంటరిగా మాటాడుటతో మొదలగును. ఆమె యింటికి పోవుడి. అమ్మమ్మ చెప్పు మాటలను మీరును వినుడి. వార్షికోత్సవమునకు పాఠశాలవారు తలిదండ్రులను పిలిచినప్పుడు మీరును వెళ్లి ముందు వరుసలో కూర్చుండి చూడుడి. చూడనిదానిని గూర్చి తీర్పు చెప్పుటకంటె చూచినదానిని గూర్చి చెప్పుట మేలు. అక్కడ దండము పెట్టించుట గాని, తాగినవారు వరుసలో చొరబడుట గాని జరిగినయెడల ఆ తరువాత ప్రధానోపాధ్యాయునితో నెమ్మదిగా మాటాడుటకు మీకు ఆధారముండును. జరుగనియెడల పిల్లలకు ఒక మంచి మాట చెప్పి రండి.

స్త్రీల సమాజపు కూటములలో ఈ పాఠమును చదువునప్పుడు ఇంకొక సంగతిని విచారింపగోరుచున్నాము. సముద్రపు ఒడ్డున మిర్యాము వరుసకు మాట కట్టియిచ్చెను. మన కొండ భాషలలో, ఆదివాసీ ఒరియాలో, కువిలో, ఆకులేరు అడుగులకు తగినట్లు నిర్గమ కథనో తప్పిపోయిన కుమారుని కథనో పాటగా కట్టగల తల్లులు మన సంఘములలో ఉన్నారని నమ్ముచున్నాము. కట్టినవారు దానిని వ్రాయించి కాపరిగారి ద్వారా మాకు పంపినయెడల ఈ పత్రికలో అచ్చువేయుదుము. పాట పంపునప్పుడు అది ఏ అడుగుకు తగినదో కూడ వ్రాయవలెను.

వచ్చు మాసపు పాఠము: రిమ్మోను గుడిలో తన యజమానుడు తన చేతిమీద ఆనుకొని వంగునప్పుడు తాను వంగవలసివచ్చునని నయమాను ఎలీషాతో చెప్పుకొనిన మనవి (2 రాజులు 5:17–19). ప్రభుత్వోద్యోగములలో నున్నవారు ముందుగా చదువుకొని రావలెను.